కొత్త తారు పడ్డ ఏడాది మా ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. ఆ నిశ్శబ్దం ఎటు పోయింది?

శ్రుతి_ఇసుకతోట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. రోడ్ల పని తెలిసినవాళ్లు ఇక్కడ ఉంటారని మా స్టూడెంటు నాన్నగారు చెప్తే రాస్తున్నాను.

మాది విశాఖలో ఇసుకతోట. హైవేకి రెండో వరసలో అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. పద్దెనిమిదేళ్లుగా ఇంట్లోనే వీణ నేర్పుతున్నాను. వీణ నాదం చిన్నది. మీటు అందరికీ వినబడుతుంది, కానీ గమకం ఉండేది మీటు తర్వాత తీగె మీద మిగిలే నాదంలో. నేర్చుకునే పిల్ల వినాల్సింది దాన్నే. గది సద్దుమణిగి ఉంటే తప్ప అది చెవికి అందదు.

మూడేళ్ల కిందట, సంక్రాంతి వెళ్లిన వారంలో, రాత్రిపూట యంత్రాలు పెట్టి పాత పొర గీకేసి మా ముందు రోడ్డుకి కొత్త తారు వేశారు. ఆ నాలుగు రాత్రులూ మాకు నిద్ర లేదు. ఐదో రోజు పొద్దున్న ఆరింటి పాఠంలో ఒక పిల్ల తోడి రాగం వాయిస్తోంది. మంద్రం తీగె మీద గాంధారం ఊగుతూ ఊగుతూ సన్నగిల్లి ఆగిపోవడం చివరిదాకా విన్నాను. కిటికీ మూసి ఉందేమోనని లేచి చూశాను. తెరిచే ఉంది.

ఆ సుఖం ఏడాదో, ఏడాదిన్నరో. తర్వాత మెల్లమెల్లగా చప్పుడు తిరిగొచ్చింది. ఇప్పుడు మంద్రం మీటితే లారీ శబ్దంలో కలిసిపోతోంది. ఇంట్లోవాళ్లు బళ్లు పెరిగాయంటారు. పెరిగాయి, కాదనను. కానీ నేను తెల్లవారి నాలుగున్నరకి సాధనకి కూర్చుంటాను. అప్పుడు బళ్లు ఒకటొకటిగానే పోతాయి. ఒంటరిగా పోయే లారీ శబ్దమే మారింది. చెవితో బతికేదాన్ని, ఈ మాట గట్టిగా చెప్పగలను.

ఇంకో సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక, రోడ్లకి అడ్డంగా చెట్లు పడి బళ్లు తిరగని ఆ రోజుల్లో, మా మేడ మీదకి సముద్రం వినబడింది. కరెంటు లేదు, బిందెలు పట్టుకుని నీళ్లకి తిరుగుతున్నాం, అంత కష్టంలోనూ రాత్రయ్యేసరికి ఆ హోరు వినడానికి పైకి వెళ్లేదాన్ని. ఈ ఇంటికి కూడా సొంతంగా ఒక నిశ్శబ్దం ఉందని అప్పుడు తెలిసింది.

మా సొసైటీలో ఒక అర్జీ తయారవుతోంది. విదేశాల్లో చప్పుడు మింగే తారు వేస్తారట, అది మనకీ వెయ్యమని అడుగుదామంటున్నారు. సంతకం పెట్టే ముందు తెలుసుకోవాలని ఉంది. ఆ తారు నిజంగా చప్పుడు మింగుతుందా? మింగితే ఎన్నాళ్లు? మా రోడ్డులాగే ఏడాదిన్నరకే మానేస్తే అంత పోరాటం దేనికి?

ఆటోనగర్_టైర్లు:

మేడం గారూ, నాది ఆటోనగర్‌లో టైర్ల షాపు. రోడ్డు సంగతి ఇంజినీర్లు చెప్తారు, నాను టైరు సంగతి చెప్తాను.

టైరు నేలకి ఒత్తుకున్నప్పుడు దాని గాడుల్లో గాలి ఇరుక్కుంటాది. ముందు వైపు నలిగి బయటికి తన్నుకొస్తాది, వెనక వైపు టైరు లేచినప్పుడు మళ్లీ లోపలికి లాక్కుంటాది. కారు పోతే వినిపించే ఆ సుయ్యిమనే సౌండు చాలామట్టుకు అదే. లారీలకి ముందు పొడుగునా గాడులుండే రిబ్ టైర్లు, వెనకాల లగ్ టైర్లు ఏస్తారు. లగ్ టైరుకి అడ్డంగా పెద్ద పెద్ద ముక్కలుంటాయి గదా, ఒక్కో ముక్కా నేలని కొట్టుకుంటూ పోతాది. నున్నటి రోడ్డు మీద ఒక తీరు, కంకర తేలిన రోడ్డు మీద ఇంకో తీరు. నాలుగున్నరకి మీకు వినిపించీది ఎక్కువగా ఈ వెనక టైర్ల చప్పుడే అయ్యుంటాది.

ఇంకోటి, ఖాళీ టిప్పరు. లోడు టిప్పరు గుంతలో పడినా మూలుగుద్ది గానీ మోగదు. ఖాళీది డాలాతో, అంటే ఎనక తొట్టితో సహా మోగుతాది. దానికి తారు మారిస్తే లాభం నేదు, గుంత పూడిస్తేనే లాభం.

మర్రిపాలెం_రిటైర్డ్_ఏఈ:

అమ్మా, నమస్కారం. ముప్పై ఏళ్లకి పైగా రోడ్ల పనిలో ఉన్నాను. అందులో ఎక్కువ కాలం క్వాలిటీ ల్యాబులోనే గడిచింది. జవాబు చెప్పే ముందు రెండు ప్రశ్నలు. పెరిగిన చప్పుడు సన్నటి ఈలలా, సుయ్యిమని ఉందా? లేక లావుగా గుర్రుమని ఉందా? రెండు, అది బండి వచ్చి పోయేంత సేపూ ఉందా, ఒక్కచోట దడేల్‌మని ఆగిపోతోందా? మీ చెవి ఏం చెప్తే దాన్నిబట్టి రోడ్డుకి వచ్చిన రోగం చెప్పవచ్చు.

శ్రుతి_ఇసుకతోట:

ఏఈ గారూ, మీరు అడిగారని ఈ మూడు రోజులూ కాగితం పెట్టుకుని విన్నాను. సుయ్యిమనేది పెద్దగా పెరగలేదు. పెరిగింది గుర్రు. బండి కనబడకముందే మొదలై దాటిపోయాక కూడా కాసేపు ఉంటుంది. అది కాక సిగ్నల్ దాటిన చోట, కేబులు కోసం తవ్వి పూడ్చిన అతుకు మీద ప్రతి బండికీ రెండు దెబ్బలు. దడ్, దడ్. ముందు చక్రం, వెనక చక్రం.

మర్రిపాలెం_రిటైర్డ్_ఏఈ:

అయితే విషయం చాలావరకు తేలింది.

మీ రోడ్డు మీద మూడేళ్ల కిందట పడ్డది చప్పుడు మింగే తారు కాదు. మామూలు బిటుమినస్ కాంక్రీటు, అంటే కంకర, ఇసుక, తారు కలిపి దట్టంగా వేసే పొర, కొత్తది. అందులో ఖాళీలు నూటికి మూడు నుంచి ఐదు పాళ్లు. రోలరు దిగిన రోజున కంకర మీద తారు పొర నిండుగా ఉంటుంది, పైభాగం చదునుగా ఉంటుంది, టైరు ముక్కలు పెద్దగా అదరవు. మీరు విన్న సుఖం ఆ చదునుదే. తర్వాత చక్రాలకి పైనున్న తారు, సన్నటి ఇసుక కొట్టుకుపోయి కంకర తేలింది. ఆపైన అక్కడక్కడ చిప్స్, అంటే సన్న కంకర రాళ్లు, ఊడిపోయాయి. టైరు ఇప్పుడు రాళ్ల తలల మీద ఎగురుతూ పోతోంది. సెకనుకి వెయ్యి కంపనాలకి దిగువన ఉండే లావు శబ్దం ఇలా టైరు అదరడం వల్ల వస్తుంది, మీ గుర్రు అదే. ఆటోనగర్ తమ్ముడు చెప్పిన గాలి శబ్దం వెయ్యి దగ్గర మొదలై ఆ పైన ఉంటుంది. గుర్రు పెరిగిందంటే రాయి తేలిందని, సుయ్యి పెరిగిందంటే గాలికి దారులు మూసుకున్నాయని అనుకోవచ్చు.

ఇక అర్జీలో అడగబోయే తారు. మేం ఓపెన్ గ్రేడెడ్ అంటాం, మీరు గుల్ల రోడ్డు అనుకోండి. ఇంచుమించు ఒకే సైజు కంకర వేసి మధ్యలో ఇసుక తగ్గించేస్తారు. అప్పుడు పొరలో నూటికి ఇరవై పాళ్లు, అంతకంటే కొంచెం ఎక్కువ కూడా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలు ఒకదానికొకటి కలిసి ఉంటాయి. వాన నీళ్లు పైన నిలవకుండా లోపలికి దిగి పక్కకి పోతాయి. టైరు కింద నలగాల్సిన గాలికీ అదే దారి దొరుకుతుంది, కాబట్టి సుయ్యి పుట్టడమే తగ్గుతుంది. పుట్టిన శబ్దం కూడా ఆ సందుల్లో దూరి, గాలి రాళ్లకి రాసుకుని, వేడిగా మారి చచ్చిపోతుంది. ఇంకో లాభం ఉంది, మీకు తొందరగా అర్థమవుతుంది. గుండ్రటి టైరూ చదునైన రోడ్డూ కలిసే మూల సన్నాయి చివరుండే గరాటు, అదే అనసులాగా విప్పారి ఉంటుంది. అక్కడ పుట్టిన చిన్న చప్పుడుని అది పెద్దది చేసి బయటికి పంపుతుంది. కింద నేల గుల్లగా ఉంటే ఆ అనసుకి ఒక గోడ లేనట్టే.

ఎంత తగ్గుతుందంటే, కొత్తలో ఒక పొర గుల్ల రోడ్డు మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గిస్తుంది. రెండు పొరలది, పైన సన్న కంకర, కింద ముతక కంకర, ఐదారు దాకా తగ్గిస్తుంది. మూడు డెసిబెల్స్ తగ్గడమంటే రోడ్డు మీద సగం బళ్లు తీసేసినంత. అయితే మన చెవికి సగం తగ్గినట్టు అనిపించాలంటే పది తగ్గాలి. ఈ తేడా సొసైటీ వాళ్లకి ముందే చెప్పండి, లేకపోతే రోడ్డు వేసిన రోజే మోసపోయామనుకుంటారు.

ఎన్నాళ్లు అన్నారు. ఇదే అసలు ప్రశ్న, అర్జీలు రాసేవాళ్లు చాలామంది అడగనిది. ఆ లాభం ఏడాదికి సుమారు అర డెసిబెల్ చొప్పున కరిగిపోతుంటుంది. కొన్నిచోట్ల ఇంకా తొందరగా పోతుంది. గుల్ల రోడ్డు చప్పుడు మింగేది దానిలో ఉన్న రాయి వల్ల కాదు, లేని రాయి వల్ల. ఆ లేనితనాన్ని కాపాడాలి. దాన్ని నింపేయడానికి దుమ్ము చాలు.

నేను కళ్లారా చూసింది చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక పరిశ్రమ ఆవరణలో వాన నీళ్లు ఇంకడానికని చిన్న ముక్క గుల్ల తారు వేయించారు. అడుగు తీసేసిన పెయింటు డబ్బాని దాని మీద బోర్లించి, చుట్టూ బంకమట్టి మెత్తి, బకెట్టు నీళ్లు పోశాం. పోస్తున్నవి పోస్తున్నట్టే మాయమయ్యాయి. మా హెల్పరు కుర్రాడు నీళ్లు ఎటు పోయాయని పక్కకి వెళ్లి వెతికాడు. రెండు వానాకాలాలయ్యాక అదే డబ్బా, అదే చోటు. ఈసారి నీళ్లు డబ్బాలో నిలబడిపోయాయి. టీ తాగి వచ్చినా సగం దిగలేదు. కోర్, అంటే పొరలోంచి తొలిచిన గుండ్రటి ముక్క, తీసి కోసి చూస్తే పైన సెంటీమీటరున్నర మందాన సందులన్నీ రాతి బూడిద, ఎర్రమట్టి పట్టేసి ఉన్నాయి. ఆ కింద అంతా శుభ్రంగా ఉంది. మూత పడ్డ సీసాలాగా. ఆ ముక్కని ఎవరూ ఒక్కసారి కూడా కడగలేదు. కడగాలని కాగితం మీద ఎక్కడా రాసిలేదు మరి. ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది, ఇప్పటికీ ఉంది.

వేగంగా బళ్లు పోయే రోడ్డు మీద పరిస్థితి కొంత నయం. వానలో టైర్లు నీళ్లని సందుల్లోకి కొట్టి మళ్లీ బయటికి పీలుస్తాయి, దాంతో మట్టి కొంత బయటికి వచ్చేస్తుంది. నెమ్మదిగా పోయే చోట ఆ కడుగుడు ఉండదు. ఇసుకతోట దగ్గర పగలు బళ్లు సిగ్నల్‌కి ఆగి పోతుంటాయి. దానికి తోడు మన ఊళ్లో సముద్రపు గాలికి ఎగిరే ఇసుక, కొండలు తొలిచిన ఎర్రమట్టి, పట్టా కప్పని టిప్పర్ల నుంచి రాలే చిప్స్. గుల్ల రోడ్డుకి ఇంతకంటే పెద్ద పరీక్ష ఏముంటుంది?

రెండో రోగం తారు ముసలితనం. గుల్ల పొరలోకి గాలి, ఎండ, నీళ్లు అన్నివైపుల నుంచీ చొరబడతాయి. తారు గాలితో కలిసి గట్టిపడి పెళుసెక్కుతుంది. రాయికీ రాయికీ మధ్య అతుకు తక్కువ, కాబట్టి పట్టు వదిలితే రాయి ఊడి వస్తుంది. ఒకటి ఊడితే పక్కవాటికి ఆసరా పోతుంది. అప్పుడు దుమ్ము వల్ల సుయ్యి, ఊడిన రాళ్ల వల్ల గుర్రు, రెండూ తిరిగొస్తాయి. చివరి రోజుల్లో మామూలు రోడ్డు కంటే ఎక్కువ మోగినా మోగుతుంది.

మన దగ్గర ఈ పొరకి నియమాలు లేకపోలేదు, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లది ఐఆర్‌సీ 129 అని 2019లో వచ్చింది. రూలు పుస్తకంలో ఉంది, కడిగే బండి రోడ్డు మీద ఉండాలి కదా.

భీమిలి_అబ్బాయి:

ఏఈ గారూ, మీరు చెప్పినవి ఇక్కడ రోజూ చూస్తున్నాను. నేను నెదర్లాండ్స్‌లో, ఉట్రెక్ట్‌లో ఉంటున్నాను. ఇక్కడి మోటార్‌వేల్లో చాలా భాగం గుల్ల తారే. జోఆబ్ అంటారు. జోరువానలో కూడా ముందు లారీ వెనక నీటి తుంపర పెద్దగా లేవదు. మామూలు తారు ముక్క మీదకి ఎక్కగానే కార్లో మాట్లాడే గొంతు మనకి తెలియకుండానే పెంచుతాం.

కానీ శాశ్వతం కాదు. లారీలు పోయే కుడి వరసని పది పన్నెండేళ్లకి మార్చాల్సి వస్తుంది, పక్క వరసలు ఇంకొన్నేళ్లు వస్తాయి. చలికాలంలో గట్టి మంచు పట్టి వదిలాక రాళ్లు లేచిపోతుంటాయి. అత్యవసరంగా ఆగే అంచు వరస మీద బళ్లు పోవు కాబట్టి అది ముందు పూడుకుపోతుంది. దాన్ని ఒత్తిడితో నీళ్లు కొట్టి, ఆ మురికినీళ్లని వెంటనే పీల్చేసే బండితో కడుగుతారు. ఊళ్ల లోపల, యాభై వేగంతో పోయే వీధుల్లో, ఇక్కడివాళ్లే దీన్ని పెద్దగా వెయ్యరు. సన్న కంకరతో పలచని పొర వేస్తారు. అది తక్కువ తగ్గిస్తుంది, తొందరగా పూడుకుపోయే బాధ మాత్రం తక్కువ.

ఆంటీ, మీ అర్జీలో ఇది రాయించండి. మోటార్‌వేకి వేసింది చూసి సిగ్నల్ దగ్గరకి అడగొద్దు.

సీతమ్మధార_వాసి:

ముందు హారన్లు ఆపించండి. తర్వాత తారు సంగతి.

శ్రుతి_ఇసుకతోట:

హారన్ గురించి నాకూ కోపమే. కానీ హారన్ వచ్చి పోతుంది, పిల్ల ఆగి మళ్లీ మీటుతుంది. గుర్రు ఆగదు. దాని కింద పడ్డ స్వరం పిల్లకి అసలు వినబడదు, వినబడలేదని కూడా తనకి తెలియదు. అది నాకు ఎక్కువ బాధ.

ఏఈ గారూ, మీరు తారు ముసలితనం అన్నది చదివి మా వీణ దగ్గరకి వెళ్లి కూర్చున్నాను. వీణకి 24 మెట్లు. మైనంలో నల్లపొడి కలిపి, ఆ మైనం మీద మెట్లు నిలబెడతారు. ఏళ్లు గడిస్తే మైనం బిగుసుకుని పగులుతుంది, మెట్టు కదులుతుంది, స్వరం పక్కకి జరుగుతుంది. అప్పుడు మళ్లీ మేళం కట్టించాలి, అంటే మైనం మీద మెట్లు తిరిగి నిలబెట్టించాలి. మాది బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసిన వీణ. కొన్నరోజే ఆ పెద్దాయన చెప్పారు, ఇన్నేళ్లకొకసారి నా దగ్గరకి తెచ్చుకోవాలి, ఆ ఖర్చు ఉంచుకోండి అని. రోడ్డు వేసేటప్పుడు అలా ఎవరూ చెప్పరా?

మర్రిపాలెం_రిటైర్డ్_ఏఈ:

చెప్పాలమ్మా. టెండర్‌లో రాస్తే చెప్పినట్టే. గుల్ల రోడ్డు ఎప్పుడు అడిగినా రెండు మాటలు రాయించాలి. ఒకటి, పూర్తిగా పూడుకుపోక ముందే ఏటేటా కడగాలి. గట్టిగా పూడుకున్నాక ఎంత ఒత్తిడి పెట్టినా సందు తెరుచుకోదు. రెండు, చప్పుడుని వేసిన నెలలోనే కాదు, ప్రతి ఏడాదీ కొలవాలి. కొలిచే పద్ధతులు ఎప్పుడో ఉన్నాయి. ఒకదానిలో రోడ్డు పక్కన, వరస మధ్య నుంచి ఏడున్నర మీటర్ల దూరంలో, 1.2 మీటర్ల ఎత్తులో మైకు పెట్టి పోయే బళ్లని ఒక్కొక్కటిగా కొలుస్తారు. ఇంకోదానిలో బండి లాక్కుపోయే ట్రైలర్ టైరు పక్కనే మైకులుంటాయి, మైళ్లకి మైళ్లు కొలుచుకుంటూ పోవచ్చు, ఎక్కడ పూడుకుందో ముక్కముక్కకీ తెలుస్తుంది.

మీ చోటుకి మాత్రం ఇప్పుడు నేను గుల్ల రోడ్డు అడగను. కేబులు అతుకు కోసి చదును చేయించమనండి, ఆ రెండు దెబ్బలూ పోతాయి. చిప్స్ ఊడిన ముక్కలు సరిచేయించమనండి. మళ్లీ పొర వేసే వంతు వచ్చినప్పుడు పైపొరకి సన్న కంకర అడగండి. రాత్రి వేగం మీద కట్టడి అడగండి. కార్లకి సుమారు నలభై దాటాక, లారీలకి ఇంకా పైన, ఇంజన్ కంటే టైరు శబ్దం ఎక్కువవుతుంది. తెల్లవారుజామున మీకు వినిపించేది ఆ వేగమే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని ఉంది. రాత్రి అంటే పది నుంచి ఆరు. ఆ అంకెలు అర్జీలో పెట్టండి.

మీరూ కొలవండి. ఒకటే ఫోను, ఒకటే కిటికీ, ఒకటే గంట. రోడ్డు పొడిగా ఉన్న రోజే, తడి రోడ్డు ఎప్పుడూ ఎక్కువ మోగుతుంది. ఫోను చూపే అంకె కోర్టుకి పనికిరాదు. కానీ నెలనెలా అది ఎటు జరుగుతోందో నిజమే చెప్తుంది.

శ్రుతి_ఇసుకతోట:

నిన్న సొసైటీ మీటింగులో మీ అందరి జవాబులూ చదివి వినిపించాను. అర్జీ మార్చి రాశాం. మొదటి మాట కేబులు అతుకు. సన్న కంకర పైపొర, రాత్రి వేగం తర్వాత. గుల్ల తారు మాట తీసేశాం, దాని బదులు ఏ పొర వేసినా ఏటేటా చప్పుడు కొలిచి చెప్పమని రాశాం. ఆ వాక్యం ఎందుకని ఒకాయన అడిగారు. ఏఈ గారి పెయింటు డబ్బా కథ చెప్పాను. ఇంకేం అడగకుండా సంతకం పెట్టారు.

ఫోను కిటికీ గట్టు మీద పెట్టి ఈ ఆదివారం నాలుగున్నర నుంచి పావుగంట కొలిచాను. పాత శ్రుతిపెట్టె నోటుపుస్తకంలో చివరి పేజీలో తేదీ, గంట, అంకె, పొడి రోడ్డు అని రాసుకున్నాను. పక్క గడి లారీలకి. పావుగంటలో పదకొండు పోయాయి. ఆటోనగర్ తమ్ముడూ, అందులో మూడు ఖాళీ టిప్పర్లు. ఇప్పుడు మోతని బట్టి గుర్తుపట్టగలుగుతున్నాను.